సున్నా తేడా

పార్వతీపురం కొండల దిగువన ఉన్న ఒక ఇంజనీరింగు కాలేజీలో సివిల్ మూడో సంవత్సరం చదివే ఇందుమతి మంచి చురుకైన పిల్లే గాని, జవాబు ముందు రాసుకుని కొలతలు తరవాత పుట్టించే పాడు అలవాటు ఒకటి ఆమెకు ఉండేది.

ఆ అలవాటు ఆమె కనిపెట్టినదేమీ కాదు. ఆ కాలేజీలో దానికి 'వండటం' అని పేరు. ల్యాబులో ప్రయోగం సరిగ్గా రాకపోతే, రావలసిన జవాబు పైతరగతి వాళ్ళ రికార్డులో చూసుకునేవారు. దానికి సరిపడే రీడింగులు వెనకనుంచి ముందుకు రాసుకుంటూ వచ్చేవారు. "ఈ రోజు ఏం వండారు?" అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవారు. హాస్టల్ మెస్సులో కంటే ల్యాబులోనే వంట బాగా కుదిరేదని చెప్పుకునేవారు. ఏళ్ళ తరబడి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రికార్డులు బీరువాలోకి వెళ్ళేవి, చెదపురుగులు తప్ప మరెవరూ వాటిని తెరిచేవారు కాదు.

అందరిలోకీ ఇందుమతి వంట మరీ బాగుండేది. అంకెలు గుండ్రంగా రాసేది. కొట్టివేత ఒక్కటి ఉండేది కాదు. ఆమె రికార్డు చూపించి మాస్టార్లు మిగతా పిల్లల్ని చీవాట్లు పెట్టేవారు.

ఆమె తండ్రి పైడిరాజు సాలూరులో తాపీమేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో గోడలు కడుతున్నాడు. కూతురు ఎండలో నిలబడకూడదని ఆయన కోరిక. ఆ కోరికను ఇందుమతి ఒక పెద్ద అట్టమీద గళ్ళు గీసి హాస్టల్ అలమరా తలుపుకి అంటించుకుంది. మూడో సంవత్సరం చలికాలంలో సర్వే క్యాంపు, అందులో మొదటి గ్రేడు. వేసవిలో హైదరాబాదులో పెద్ద వంతెనల కంపెనీలో శిక్షణ. నాలుగో ఏట అదే కంపెనీలో ఉద్యోగం. ఆ తరవాత నాన్నకి తాపీ పనినుంచి విశ్రాంతి. ఒక గడి పూర్తయిన ప్రతిసారీ పచ్చ సిరాతో టిక్కు పెట్టేది.

క్యాంపు గడి డిసెంబరులో వచ్చింది.

ఏటా క్యాంపు కాలేజీ వెనక మైదానంలోనే జరిగేది. ఆ ఏడు మాత్రం సన్యాసిరావు మాస్టారు పిల్లల్ని గుమ్మికొండ అనే గిరిజన గూడేనికి తీసుకెళ్ళాడు. ఆయన సర్వే పాఠం చెప్పేవాడు. రెండేళ్ళలో రిటైరవుతాడు. బస్సు దిగగానే పిల్లల్ని నిలబెట్టి చెప్పాడు.

"ఇక్కడ ఇరవై ఆరు ఇళ్ళున్నాయి. తాగేది అదిగో ఆ కొండమీది ఊటనీళ్ళు. ఊట ఊరికంటే ఎత్తులోనే ఉంది గాని, మధ్యలో ఒక చిన్న కనుమ, దాని అవతల లోతైన గెడ్డ వాగు ఉన్నాయి. ఆడవాళ్ళు కనుమ ఎక్కి, గెడ్డలో దిగి, మళ్ళీ ఎక్కి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. గొట్టాలు ఇస్తామని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. కందకం వీళ్ళే తవ్వుకుంటారు. మోటారు లేదు, కరెంటు లేదు. నీళ్ళు వాటంతట అవి రావాలి. వస్తాయో రావో మన కొలతే చెప్పాలి. ఇది రికార్డు కోసం చేసే పని కాదు, బాబూ."

పిల్లలు తలలూపారు. మాస్టారు ప్రతి ఏడూ ఏదో ఒకటి ఇలాగే అంటాడని సీనియర్లు ముందే చెప్పి ఉన్నారు.

ఊటనుంచి గూడెం దాకా ఎత్తుపల్లాలు కొలిచే పని ఇందుమతి జట్టుకి వచ్చింది. ఆమె లెవెల్ మిషన్‌లోంచి చూసి పుస్తకంలో రాయాలి. భార్గవ అనే కుర్రవాడు అంకెలు గీసిన పొడవాటి కొలబద్ద పట్టుకుని చోటుచోటుకీ వెళ్ళి నిలబడాలి. మిగతా ఇద్దరూ పొదలు నరికి దారి చేయాలి.

మొదటి రోజునుంచే వాళ్ళ వెంట ఒక ముసలావిడ తిరగడం మొదలుపెట్టింది. ఆమె పేరు సుక్కమ్మ. గూడెంలో చిట్టచివరి ఇల్లు ఆమెది. కుడి మోకాలు వంగదు. నీళ్ళకి వెళ్ళే వంతు ఇప్పుడు కోడలు గంగమ్మకి వచ్చింది. గంగమ్మకి మూడో నెల. అంతకుముందు సంవత్సరం గెడ్డలో ఒక మనిషి జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. అందుకని సుక్కమ్మకి ఆ నీళ్ళ సంగతి తప్ప మరో ధ్యాస లేదు.

చోడి అంబలి, అంటే రాగి జావ, ముంతలో పోసి తెచ్చి ఇందుమతికి ఇచ్చి పక్కన కూర్చునేది.

"ఏటి రాస్తన్నావు పాపా?"

"ఊటకీ మీ ఇంటికీ ఎంత వాలుందో రాస్తున్నాను అమ్మమ్మా."

"నీరొస్తాదా మరి?"

"కొలిస్తే తెలుస్తుంది."

"కానుపుకి ముందే ఒచ్చీసిందనుకో, మా గంగమ్మ ఆ గెడ్డలో దిగక్కర్లేదు. వానలు పడితే ఆ దారి సబ్బు ముక్కే. నువ్వు బాగా సూడు తల్లీ."

ఇందుమతికి ముసలావిడంటే ముద్దొచ్చింది. పుస్తకంలో చివరి గడిలో 'సుక్కమ్మ ఇల్లు' అని రాసి చూపించింది. సుక్కమ్మకి చదువు రాదు. అయినా ఆ అక్షరాల్ని వేలితో తడిమి చూసుకుంది. "నా పేరు పొత్తంలోకెక్కింది" అని గూడెమంతా చెప్పుకొచ్చింది.

మూడు రోజులు పని బాగానే సాగింది. ఊటనుంచి గెడ్డలోకి దిగారు. కనుమ అవతలి నుంచి గూడెం వైపూ కొలిచారు. నాలుగో రోజు కనుమ మిగిలింది.

కనుమ నిండా దూలగొండి పొదలు. వాటి కాయల మీది నూగు ఒంటికి తగిలిందంటే తండ్రీ తాతా గుర్తొస్తారు. భార్గవ కొలబద్ద పట్టుకుని పది అడుగులు లోపలికి వెళ్ళాడు. మరుక్షణం కొలబద్ద ఒక చోటా, తనొక చోటా గెంతుతూ బయటికి వచ్చాడు. చేతులూ మెడా ఎర్రగా దద్దుర్లు తేలాయి.

"నన్ను చంపినా మళ్ళీ వెళ్ళను" అన్నాడు గోక్కుంటూ. "పెద్ద తేడా ఏముంటుంది ఇందూ? చూస్తూనే ఉన్నాం కదా, కనుమ ఊటకంటే కిందే ఉంది. వండేద్దూ."

ఇందుమతి కంటితో చూసింది. నిజమే, కిందే ఉన్నట్టుంది. పొదలు నరకాలంటే ఒక రోజు పడుతుంది. రేపు సాయంత్రానికి పుస్తకం ఇచ్చేయాలి. మొదటి గ్రేడు వచ్చినవాళ్ళకే మాస్టారు వంతెనల కంపెనీకి సిఫారసు ఉత్తరం రాస్తాడు.

ఆమె ఒక రాయి మీద కూర్చుంది. కనుమకి ఇటు సగం కొలత ఉంది, అటు సగం కొలత ఉంది. రెండూ ముడి పడవలసిన చోట మూడు రీడింగులు లేవు. ఆ మూడూ కలంతో పుట్టించింది. కనుమ ఊటకంటే ఒక మీటరు దిగువన ఉన్నట్టు తేల్చింది. వెళ్ళిన దారినే తిరిగి కొలుచుకుంటూ వచ్చినట్టు రెండో పేజీ కూడా రాసింది. బయలుదేరిన చోటికి తిరిగి వస్తే మొదటి అంకె, చివరి అంకె ఒకటే కావాలి. అక్కడ వచ్చే తేడానే కొలత మంచిచెడ్డలు చెబుతుంది. ఇందుమతి పుస్తకంలో తేడా సున్నా వచ్చింది.

మర్నాడు సాయంత్రం సన్యాసిరావు మాస్టారు ఆ పేజీ చూసి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"సున్నాయా?"

"సున్నా సార్."

"బాగుందమ్మా. మరీ బాగుంది." ఆయన పేజీ వెనక్కి తిప్పి చూశాడు. "అన్ని చోట్లా కొలబద్ద నిలబెట్టారా?"

లేదు సార్, కనుమ దగ్గర పెట్టలేదు అంటే సరిపోయేది. ఒక్క రోజు పని పెరిగేది, అంతే. కానీ అలమరా తలుపు మీది అట్ట ఆమె కళ్ళముందు ఆడింది.

"పెట్టాం సార్" అంది.

మాస్టారు ఇంకా నలభై పుస్తకాలు చూడాలి. పుస్తకం కింద ఆమెచేత సంతకం పెట్టించాడు. ఆ పేజీల నకలు గూడెం పెద్ద సింగన్నకి ఇచ్చాడు. ఇందుమతికి మొదటి గ్రేడు వచ్చింది. సిఫారసు ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరిలో కంపెనీనుంచి పిలుపూ వచ్చింది. అట్టమీద రెండు గళ్ళకి పచ్చ టిక్కులు పడ్డాయి. ఇక ఆ మూడు రీడింగుల సంగతి ఆమె నిజంగానే మరిచిపోయింది.

ఏప్రిల్ చివరి వారంలో సింగన్న ఫోను చేశాడు.

"పైపు ఏసీసేం అమ్మా. రేపో మాపో నీరొస్తాది. నువ్వొచ్చి కుళాయి తిప్పాలని సుక్కమ్మ ఒకటే పట్టు."

ఇందుమతికి ఆనందం పట్టలేదు. శిక్షణకి హైదరాబాదు వెళ్ళడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. పసుపుపచ్చ చుడీదారు వేసుకుంది. సాలూరులో రెండు కిలోల బూందీ కట్టించుకుంది. బస్సు దిగి, కొండదారిన నడిచి, ఎండెక్కే వేళకి గుమ్మికొండ చేరింది.

గూడెంలో ఎవరూ కనిపించలేదు. సుక్కమ్మ ఇంటి ముందు కొత్త కుళాయి సిమెంటు దిమ్మెలో నిలబడి ఉంది. తిప్పి చూస్తే గాలి బుస్సుమంది. చుక్క నీరు లేదు.

గంగమ్మ లోపలినుంచి వచ్చింది. ఏడో నెల నిండుతోంది. నడుముకి చెయ్యి ఆన్చుకుని, "అందరూ గెడ్డకాడున్నారు" అంది.

ఇందుమతి కనుమ ఎక్కి అవతలికి చూసింది. గూడెమంతా గెడ్డ వాలులో కందకం తవ్వుతోంది. నిన్నో మొన్నో పూడ్చిన మట్టినే మళ్ళీ తీస్తున్నారు. సుక్కమ్మ వంగని కాలు చాపుకుని కూర్చుని చేతులతో మట్టి ఎత్తిపోస్తోంది. ఇందుమతిని చూడగానే ఆమె ముఖం వెలిగింది, అంతలోనే చిన్నబోయింది.

"ఒచ్చీసేవా పాపా? నీకు సూపించుదామంటే నీరు రాలేదు తల్లీ. మా సేతకానితనం."

"ఏమైంది అమ్మమ్మా?"

సింగన్న గునపం పక్కన పెట్టి చెప్పాడు. "ఊటకాడ నీరు గొట్టంలోకి దిగతంది. అవతల రాట్లేదు. పైపు మెలి పడిపోనాదేమోనని తొలీసారి తీసి సరిసేసేం. మట్టి సేరిందేమోనని రెండోసారి మొత్తం పీకి, కడిగి, మళ్ళీ ఏసి, ఈసారి ఒస్తాదనుకునే నీకు ఫోను సేసేం. ఇది మూడోసారి. పోడు పని ఒదిలీసి నెల్లాళ్ళనుంచి దీనిమీదే ఉన్నాం."

"కొలత తప్పేమోనని ఎవరూ అనుకోలేదా?" ఆ మాట ఇందుమతి నోటినుంచి తనకే తెలియకుండా వచ్చింది.

సుక్కమ్మ చీర చెంగు ముడి విప్పింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. అది లెవెల్ పుస్తకం నకలు. కింద ఇందుమతి సంతకం ఉంది.

"ఎందుకనుకుంటాం పాపా? ఇది నువ్వు రాసింది కదా" అంది సుక్కమ్మ. "ఆ కనుమ ఎత్తేమోనని నాకో అనుమానం ఉండీది. నాయి ముసిలి కళ్ళు. సదువుకున్న పిల్ల మిషను పెట్టి సూసి రాసింది, అది తప్పవుతాదా? మా సేతులే ఎక్కడో తప్పుంటాయి."

ఇందుమతి బూందీ పొట్లం కిందపెట్టి, తిరిగి కనుమ మీదికి వెళ్ళింది. గొట్టం వేసేటప్పుడు గూడెంవాళ్ళు దూలగొండి పొదల్ని నరికి తగలబెట్టేశారు. ఇప్పుడక్కడ నున్నటి నేల ఉంది. నిలబడి కొలవడానికి ఏ అడ్డమూ లేదు. కందకంలో కనుమ ముందు గొట్టాలు కలిపిన జోడు ఒకటి ఇంకా మట్టి కప్పకుండా ఉంది. దాన్ని విప్పి గొట్టం కొసని నిలబెట్టి లోపలికి చూసింది. నీళ్ళు ఉన్నాయి. ఊటనుంచి గెడ్డలోకి దిగి, మళ్ళీ ఈ గట్టు ఎక్కి వచ్చి, సరిగ్గా ఊట ఉన్న ఎత్తు దాకా లేచి ఆగిపోయాయి. కనుమ దాటడానికి ఇంకా మూరెడు ఎత్తు కావాలి.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. గుమ్మికొండలో ఆ రెండూ నీరే ఎరిగింది. ఇందుమతి ఆ రోజు కొలవకుండా వదిలేసిన చోటుని నీళ్ళు వచ్చి కొలిచి చూపించాయి. కనుమ ఊటకంటే మీటరు కింద లేదు. అర మీటరు పైన ఉంది.

ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. ఏడిస్తే నీళ్ళు ఎక్కవని తెలుసు. ఆమె ముందు రెండు దారులున్నాయి, నిజం చెప్పడం, లేదా తప్పుకోవడం. గొట్టంలో ఏదో లోపం ఉందని చెప్పి నాలుగో రోజు రైలెక్కితే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. వీళ్ళు నాలుగోసారి తవ్వుతారు, ఐదోసారి తవ్వుతారు, ఆ కాగితం మాత్రం తప్పనరు. గంగమ్మ నిండు కడుపుతో వానల్లో గెడ్డ దిగుతుంది. ఈ ఆఖరి ముక్క తలుచుకోగానే ఆమె లేచి నిలబడింది.

కిందికి దిగి వెళ్ళి, గూడెం అందరి మధ్యా నిలబడి చెప్పింది.

"తవ్వడం ఆపండి. తప్పు మీది కాదు, నాది. కనుమ దగ్గర నేను కొలవలేదు. కొలిచినట్టు రాశాను."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక సింగన్న చేతిలో గునపం నేలకేసి కొట్టాడు.

"నెల్లాళ్ళు! పోడు సదును సేసుకోవాల్సిన నెల్లాళ్ళు! నీకు మార్కుల ఆటైతే మాకు తాగే నీరమ్మా!"

ఇందుమతి తల వంచుకుని అన్నీ పడింది. సుక్కమ్మ మాత్రం తిట్టలేదు. చేతిలోని కాగితాన్ని చూసి, మళ్ళీ నాలుగు మడతలూ పెట్టింది.

"రెండుమార్లు తవ్వేం పాపా" అంది మెల్లగా.

సింగన్న తిట్లన్నిటికంటే ఆ మాటే ఇందుమతికి ఎక్కువ తగిలింది.

సెల్ సిగ్నల్ కనుమ మీదే దొరుకుతుంది. ముందు సన్యాసిరావు మాస్టారికి ఫోను చేసింది. ఏమీ దాచకుండా చెప్పింది.

"సున్నా చూసిన రోజే అనుకున్నాను" అన్నాడు ఆయన. "అడిగాను, నువ్వు చెప్పావు, ఊరుకున్నాను. నేనే ఒకసారి కనుమ ఎక్కి చూడవలసింది. నా తప్పూ ఉంది. కానీ ఉత్తరం మాత్రం వెనక్కి తీసుకోవాలమ్మా. ఆ పుస్తకం చూసి రాసిన ఉత్తరం అది."

"తీసుకోండి సార్."

"గ్రేడు కూడా."

"తీసుకోండి సార్. నేనిక్కడే ఉండి మళ్ళీ కొలుస్తాను. మిషను పంపిస్తారా?"

"కాలేజీకి సెలవులు. స్టోరు తాళం వేసి ఊరెళ్ళారు. వారం పడుతుంది."

వారం ఆగితే గూడెంవాళ్ళ పోడు పని ఇంకో వారం వెనకపడుతుంది. ఇందుమతి ఇంకో ఫోను చేసింది. ఈసారి తండ్రికి.

పైడిరాజు మర్నాడు తెల్లవారగానే వచ్చేశాడు. భుజాన చుట్టగా చుట్టిన సన్నని తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. ప్రతి తాపీమేస్త్రీ దగ్గరా అది ఉంటుంది. దాంట్లో నీళ్ళు నింపి, ఒక కొస ఇక్కడా రెండో కొస అక్కడా పట్టుకుంటే రెండు చోట్లా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. గోడలన్నీ ఆ మట్టం చూసుకునే కడతారు. చిన్నప్పుడు ఇందుమతి ఆ గొట్టం ఒక కొస పట్టుకుని తండ్రితో తిరిగేది. ఇంజనీరింగులో చేరాక దాన్ని ముట్టుకోలేదు.

కూతురి మట్టి కొట్టుకుపోయిన పసుపుపచ్చ చుడీదారు చూశాడు. వాచిన కళ్ళు చూశాడు. గొట్టం చుట్ట భుజంనుంచి దించాడు.

"ఎక్కడ తప్పిందో తెల్సిందా?"

"తెలిసింది నాన్నా. అక్కడ అసలు కొలవలేదు."

పైడిరాజు గొట్టంలో నీళ్ళు పోసి, దాన్ని పొడుగునా వేలితో కొట్టుకుంటూ వచ్చాడు. లోపల ఒక చిన్న గాలిబుడగ ఉంది. అది కొసదాకా జరిగి బయటికి పోయేవరకూ కొడుతూనే ఉన్నాడు. "బుడగుంటే గొట్టం అబద్ధమాడతాదమ్మా" అన్నాడు. "మనం తీసీకపోతే అది గోడలోకి ఎల్లిపోద్ది. రా, ఇటు కొస పట్టుకో."

తండ్రీ కూతుళ్ళు ఊట దగ్గర మొదలుపెట్టారు. ఇరవై మీటర్లకొక కర్ర పాతి, నీటి మట్టం గీత గీసుకుంటూ గెడ్డ దాటి కనుమకి వచ్చారు. పాత దారి పనికిరాదని తేలిపోయింది. అక్కడ అడుగున్నర తవ్వితే గట్టి రాయి. అప్పుడు ఇందుమతి సుక్కమ్మ దగ్గరికి వెళ్ళి ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, కనుమ ఎత్తని నీకెలా అనుమానం వచ్చింది?"

"బిందెత్తుకుని నలభై ఏళ్ళు ఎక్కేను కదా పాపా. నా మోకాలికి తెలీదా? దక్షిణం పక్క ఇప్పచెట్టు కాడ ఎక్కితే ఆయాసం తక్కువ. పొదలని ఎవరూ అటెళ్ళరు."

క్యాంపు జరిగినన్ని రోజులూ ఆ ముసలావిడ పక్కనే కూర్చుంది. ఇందుమతి ఒక్కసారైనా ఆ మాట అడగలేదు.

ఇప్పచెట్టు దగ్గర కొలిచారు. ఊటకంటే మూడు జానలు కిందుంది. నేల మెత్తన. దారి కొంచెం చుట్టు తిరుగుతుంది. అయినా పాత కనుమ అవతల వేసిన గొట్టం పీకి ఇటు తెస్తే సరిపోతుంది. వెళ్ళిన దారినే తిరిగి కొలుచుకుంటూ ఊటకి వచ్చారు. ఒకచోట అంకె కుదరలేదు. ఇందుమతి ఎండలో మళ్ళీ అక్కడికి వెళ్ళి ఆ ముక్క రెండోసారి కొలిచింది. సాయంత్రానికి లెక్క వేస్తే తేడా పన్నెండు మిల్లీమీటర్లు వచ్చింది.

పైడిరాజు పుస్తకంలోకి తొంగి చూశాడు. "సున్నా రాలేదేటి?"

"రాదు నాన్నా. నిజంగా కొలిస్తే రాదు" అంది ఇందుమతి. పన్నెండు అనే అంకెను దిద్దకుండా అలాగే రాసింది.

ఈసారి కాగితం చూపిస్తే సింగన్న వెంటనే నమ్మలేదు. నమ్మనందుకు ఇందుమతి నొచ్చుకోలేదు. అతన్ని వెంటబెట్టుకుని కర్రకర్ర దగ్గరా ఆగి నీటి గీత చూపించింది. గొట్టం కొస అతని చేతికే ఇచ్చి కొలిపించింది. ఇప్పచెట్టు దగ్గర నీళ్ళు కర్రమీద ఎంత ఎత్తున నిలిచాయో కళ్ళారా చూశాక అతను గునపం భుజాన వేసుకున్నాడు.

కందకం ఆరు రోజులు తవ్వారు. ఇందుమతి కూడా తవ్వింది. మూడో రోజుకి అరచేతులు బొబ్బలెక్కాయి. కంపెనీ రమ్మన్న రోజు ఆ ఆరింటిలోనే వచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె కాసేపు పని ఆపి రోడ్డువైపు చూసింది. బాధ కలగలేదని చెప్పడం అబద్ధమవుతుంది. ఎన్నాళ్ళ కోరిక అది! సుక్కమ్మ వచ్చి, ఆమె అరచేతులకి ఇప్పనూనె రాసింది. రాస్తూ రాస్తూ, "నువ్వెల్లిపోయుంటే నాను నన్నే తిట్టుకుంటా సచ్చిపోదును పాపా" అంది.

ఏడో రోజు పొద్దున్న ఊట దగ్గర గొట్టం కలిపారు. అందరూ సుక్కమ్మ ఇంటిముందు చేరారు. కుళాయి తిప్పితే మొదట గాలి బుస్సుమంది. తరవాత దగ్గినట్టు నాలుగు చుక్కలు పడ్డాయి. ఎర్రటి మట్టినీళ్ళు వచ్చాయి. ఆ వెనక తేటనీళ్ళు బొటనవేలంత ధారగా వచ్చాయి. పిల్లలు కేకలు పెట్టారు. గంగమ్మ బిందె పెట్టింది. సుక్కమ్మ మొదటి చెంబు పట్టి తెచ్చి ఇందుమతి చేతికి ఇచ్చింది.

"ముందు నువ్వు తాగు అమ్మమ్మా. నాకు ఆ అర్హత లేదు" అంది ఇందుమతి.

"నీరు రానప్పుడు కాయితం దాసుకున్నాను. ఇప్పుడు నీరిస్తే ఒద్దంటావా? తాగు" అని కసిరింది సుక్కమ్మ. ఇందుమతి తాగింది. కన్నీళ్ళో కుళాయినీళ్ళో తెలియకుండా ముఖమంతా తడిసింది. సుక్కమ్మ పాత కాగితాన్ని పొయ్యిలో పెట్టి, కొత్త కాగితం ఇమ్మని అడిగింది. దానిలోనూ చివరి గడిలో 'సుక్కమ్మ ఇల్లు' అని ఉందో లేదో చదివించుకుని మరీ తీసుకుంది.

వంతెనల కంపెనీ శిక్షణ వేరే అమ్మాయికి వెళ్ళింది. సెలవులయ్యాక ఇందుమతి రెండు లెవెల్ పుస్తకాలూ తీసుకుని సన్యాసిరావు మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన కొత్త పుస్తకంలో పన్నెండు మిల్లీమీటర్ల దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. దాని కిందే సంతకం చేశాడు.

"సార్, రెండూ ల్యాబు బీరువాలో పక్కపక్కనే పెట్టండి" అంది ఇందుమతి. "క్యాంపుకి వెళ్ళే పిల్లలకి చూపించండి."

"నీ పేరుంటుందమ్మా రెండిటిమీదా."

"ఉండనివ్వండి సార్."

అలమరా తలుపు మీది అట్ట ఆమె చించెయ్యలేదు. వంతెనల కలా మానుకోలేదు. పోయిన రెండు గళ్ళ టిక్కులూ గీత పెట్టి కొట్టేసి, వాటి పక్కన కొత్త గడి గీసి 'గుమ్మికొండ' అని రాసుకుంది. జూలైలో గంగమ్మకి ఆడపిల్ల పుట్టిందని సింగన్న ఫోను చేసినప్పుడు ఆ గడిలో పచ్చ టిక్కు పెట్టింది.

నీతి: పనిలో వచ్చిన తేడాను ఉన్నదున్నట్టు చెబితే దిద్దుకోవచ్చు, చేయని పనిని చేసినట్టు రాస్తే, దాని బరువు మనల్ని నమ్మినవాళ్ళు మోస్తారు.